దేవుడి గూట్లో అయ్యగారు

గచ్చిబౌలిలో మేం కొన్న ఫ్లాటులో, హాలు తూర్పు గోడకి బిల్డరే కట్టించి ఇచ్చిన దేవుడి గూడు ఒకటి ఉంది. టేకు తలుపులు, వాటి నిండా చిన్న చిన్న ఇత్తడి గంటలు, పైన సీలింగులోంచి సరిగ్గా గూట్లోకి పడే లైటు. ఇల్లు చేతికొచ్చిన రోజే మావారు వడ్రంగిని పిలిపించి గంటలన్నీ పీకించేశారు. మన ఇంట్లో విగ్రహారాధన వాసన కూడా ఉండకూడదన్నారు. ఆ మాట ఎంత గంభీరంగా అన్నారంటే, పాపం ఆ వడ్రంగి స్క్రూడ్రైవరు పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంటలు పోయాయి, చిల్లులు మిగిలాయి. ఖాళీ గూట్లో ఏం పెట్టాలన్నది చాలాకాలం తేలలేదు. చివరికి కొత్త సంవత్సరం ఆరాధనలో మా చర్చి సంఘం ఇంటింటికీ పంచిన క్యాలెండరు అందులో కొలిచి చేసినట్టు పట్టింది. మావారు దాన్ని పెట్టి, లైటు వేసి, రెండడుగులు వెనక్కి వచ్చి చూసి తృప్తి పడ్డారు.

ఆ క్యాలెండరు గురించి చెప్పాలి. మూడొంతులు మా పాస్టరు గారు, అంటే సంఘమంతా పిలిచినట్టు అయ్యగారు, నీలం సూటులో కుడిచెయ్యి ఎత్తి దీవిస్తూ ఉంటారు. పక్కన అమ్మగారు, అంటే ఆయన భార్య, ఆయన సూటుకి మ్యాచింగు చీరలో. వెనకాల ఎక్కడివో మంచు కొండలు. ఆ ఏటి వాగ్దానమని సంఘం ఎంచుకున్న బైబిలు వాక్యం ఆయన మోచేతి కింద ఇరుక్కుని ఉంటుంది. నెలలూ తేదీలూ చదవాలంటే కళ్లజోడు కావాలి. ఇక యేసు ప్రభువు ఎక్కడున్నాడంటే కింద ఎడమ మూలన, గొర్రెపిల్లని ఎత్తుకుని, తపాలా బిళ్లంత బొమ్మలో. ఆయన గొర్రెపిల్ల కన్నా అయ్యగారి చేతి గడియారం పెద్దది.

మా సంఘం కొండాపూర్‌లో ఒక కాంప్లెక్సు పై అంతస్తులో కూడుకుంటుంది, కింద జిమ్ము. కొందరు నర్సులు, కొందరు టీచర్లు, మిగతా అంతా మా బోటి సాఫ్ట్‌వేరు వాళ్లే. వీళ్లని ఆఫీసులో ఆయుధపూజ రోజు చూడాలి. సిస్టములకి బొట్లు పెట్టే వేళకి క్రైస్తవులంతా ఒకరి తర్వాత ఒకరు ప్యాంట్రీలోకి చేరుకుంటారు. ఎవరైనా ప్రసాదం పళ్లెం తెస్తే మెడ నిటారుగా పెట్టి, మేము ప్రభువునొక్కడినే ఆరాధిస్తామండీ అని చెబుతారు. చెప్పడంలో తప్పులేదు, నేనూ చెబుతాను, నమ్మే చెబుతాను. కానీ ఆ నిటారు మెడలన్నీ ఆదివారం పొద్దున ఏమవుతాయో చూడాలంటే మా కాంప్లెక్సు సెల్లారుకి రావాలి. అయ్యగారు దిగడానికి కారు డోరు తీసేందుకు సాఫ్ట్‌వేరు కంపెనీల డెలివరీ మేనేజర్లు ఇద్దరు మోచేతులతో తోసుకుంటారు. బ్యాగు ఒకరు, నీళ్ల సీసా ఒకరు. లిఫ్టు ఆయన కోసం ఆపి ఉంచుతారు, వాకరు పట్టుకున్న ముసలావిడ మెట్ల దగ్గర నిలబడే ఉంటుంది.

ఆయన స్టేజీ ఎక్కగానే శాలువా. "మహిమంతా ప్రభువుకే" అని మైకులో అంటూనే మెడ ముందుకు వంచుతారు, శాలువా సరిగ్గా పడటానికి. దీవెన కోసం జనం వరసకట్టి మోకాళ్లూనుతారు. కొందరు ఆయన బూట్ల మీద నుదురు ఆనిస్తారు. ఆయన ఎప్పుడూ ఎవరినీ లేవమనలేదు. ఇదంతా నెట్లో లైవు పోతుంది, మా సంఘంలో లైవు పోనిదంటూ ఏదీ లేదు. నేను పాటల బృందంలో పాడేదాన్ని కాబట్టి స్టేజీ మీద ఆయన వెనకాలే నిలబడేదాన్ని. ఆ బూట్ల పాలిషు నాకు బాగా తెలుసు. కడుపులో వెక్కిరించుకుంటూ పైకి అల్లెలూయా పాడటం కూడా ఒక విద్యే, నాకది బాగా పట్టుబడింది.

ఒక శుక్రవారం వాటర్ ఫిల్టరు మెకానిక్కు వస్తానన్నాడు. మేమిద్దరం ఆఫీసు, మా అమ్మాయి కాలేజీ. అందుకని ఎదురు ఫ్లాటు పెద్దమ్మగారికి తాళం ఇచ్చి వెళ్లాం. ఆవిడది ఈ ఊరే. మా అపార్టుమెంటు ఉన్న నేల ఒకప్పుడు వాళ్ల జొన్నచేను. ఇప్పుడు ఇందులో కొన్ని ఫ్లాట్లు, అవతల టవర్లలో ఇంకొన్ని ఆవిడ పిల్లల పేర్న ఉన్నాయి. అసోసియేషన్ సెక్రటరీ కూడా ఆవిడ ముందు కుర్చీలోంచి లేస్తాడు. ఎవరినైనా ఏమైనా అనే హక్కు తనకుందని ఆవిడ నమ్మకం. నాకు తెలిసి ఆ మాట కాదన్నవాళ్లు లేరు.

సాయంత్రం మేం ముగ్గురం ఇల్లు చేరేసరికి లిఫ్టు దగ్గరికే అగరొత్తుల వాసన కొట్టింది. హాల్లోకి అడుగుపెట్టి చూస్తే దేవుడి గూడు దుమ్ము లేకుండా తుడిచి ఉంది. చిన్న గిన్నెలో దీపం. అయ్యగారి నుదుటన రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. అమ్మగారికి పసుపు, కుంకుమ రెండూ. ఇద్దరి మీదుగా చామంతుల దండ. మూలనున్న ప్రభువు దండ కింద కనపడకుండా పోయాడు.

మావారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అమ్మాయి సోఫాలో కూలబడి, కుషను నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

తాళం ఇవ్వడానికి పెద్దమ్మగారు వెనకాలే వచ్చారు. "ఏందే బిడ్డా, శుక్రారం పూట దేవుని గూట్ల దీపం లేకుంటె ఎట్ల? దుమ్ము వట్టి ఉన్నడు పాపం మీ దేవుడు. అమ్మవారికి గూడ బొట్టు వెట్టిన."

"అయ్యో పెద్దమ్మగారూ, ఆయన మా దేవుడు కాదండీ" అన్నాను.

"మరెవ్వరు?"

"మా పాస్టరు గారండీ. ఆవిడ ఆయన భార్య."

పెద్దమ్మగారు నన్ను చూశారు, గూడుని చూశారు, పైన లైటుని చూశారు. "మరి దేవుని గూట్ల ఎందుకు వెట్టిన్రు?"

నేను మావారి వైపు చూశాను. ఆయన అప్పటికే అద్దాలు తుడిచే స్ప్రే తెచ్చి అయ్యగారి నుదురు రుద్దుతున్నారు. కుంకుమ పోలేదు కానీ రంగు లేచొచ్చింది. ఇంకా రుద్దారు. కాసేపటికి అయ్యగారి కనుబొమల పైన ఎర్రటి అంచున్న తెల్లటి మచ్చ తేలింది. మావారు ఆఫీసులో పైదాకా పోయిన క్లయింట్ల గొడవలు, పెద్ద పెద్ద ఎస్కలేషన్లు చల్లార్చిన మనిషి. ఆ స్ప్రే పట్టుకుని ఏడుపు ముఖంతో నిలబడ్డారు.

"మీ దేవుడేడి మరి?" అన్నారు పెద్దమ్మగారు.

దండ పక్కకి తీసి మూలన చూపించాను. ఆవిడ వంగి చూసి, "గింతనా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఒక్క ముచ్చట జెప్పు బిడ్డా, ఎప్పటిసంది అడగాల్ననుకుంటున్న. మా ఇంట్ల ఇంతమంది దేవుళ్లున్నరు, ఎవ్వలకు మొక్కేది వాళ్లకు మొక్కుతం. మీకు ఒక్కడే ఎందుకు? ఇంకెవ్వల్ని మొక్కద్దని గంత పట్టు ఎందుకు?"

మా సండే స్కూలులో ఈ ప్రశ్నకి జవాబు వల్లె వేయించారు. సృష్టికర్త, రక్షకుడు, న్యాయాధిపతి అంటూ మొదలెట్టాను. నా మాటలు నాకే క్లయింటు ముందు చూపించే స్లైడుల్లా వినిపించాయి. పెద్దమ్మగారు మర్యాదగా ఆవులించారు.

అప్పుడు అమ్మాయి కుషను పక్కన పెట్టింది. ఇంజనీరింగు మొదటి సంవత్సరం అప్పట్లో. ఆ నెలలోనే బాప్తిస్మం తీసుకోవాల్సి ఉంది, కొన్ని వారాలుగా ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతోంది. అదే నా దిగులు. తన ఈడు పిల్లలు కాలేజీలో చేరిన ఏడాదికి ఆరాధన మానేసి, ఆ తర్వాత ప్రార్థన మానేసి, చివరికి అదంతా ఎప్పుడైనా నమ్మామా అన్నట్టు చూడటం మా సంఘంలో చాలామంది ఇళ్లలో చూశాను. నా పిల్ల ప్రభువుకి దూరమైపోతుందేమోనని నాకు నిద్రపట్టేది కాదు.

"పెద్దమ్మమ్మా, నేను చెప్తా" అంది. "లేఖనాల్లో చేపలు పట్టే శిష్యుడు ఒకాయన ఉన్నాడు. ఒక పెద్ద సైనికాధికారి ఆయన కాళ్ల మీద పడ్డాడు. ఈయన అతన్ని లేపి, లెయ్యి, నేనూ నీలాంటి మనిషినే అన్నాడు. ఇంకో ఊళ్లో ఇద్దరు శిష్యుల్ని దేవుళ్లనుకుని జనం ఎద్దుల్నీ పూలదండల్నీ తెచ్చారు. వాళ్లిద్దరూ బట్టలు చింపుకుని వద్దు మొర్రో అని జనంలోకి పరిగెత్తారు. దేవదూతకి మొక్కబోతే దేవదూత కూడా వద్దన్నాడు. మంచివాడు ఎవడైనా సరే, మొక్కబోతే లెయ్యి అనే అన్నాడు."

"బాగనే ఉన్నది. మరి?"

"యేసు ఒక్కడే అలా అనలేదు. గుడ్డివాడు చూపొచ్చి మొక్కితే ఊరుకున్నాడు. ఒక శిష్యుడు ఆయన గాయాలు చూసి, నా దేవా అన్నాడు. అప్పుడూ వద్దనలేదు. మనిషై ఉండి అలా మొక్కించుకున్నాడంటే, ఆయన నిజంగా దేవుడైనా అయ్యుండాలి, లేకపోతే మన అయ్యగారి లాంటివాడైనా అయ్యుండాలి."

"నోర్ముయ్" అన్నారు మావారు, చేతిలో స్ప్రేతో.

"ఎట్ల తెలుస్తది మరి?" అన్నారు పెద్దమ్మగారు. ఇప్పుడావిడ ఆవులించడం లేదు.

"ఆయన చనిపోయే ముందు రాత్రి తువ్వాలు నడుముకి కట్టుకుని, శిష్యుల కాళ్ల దగ్గర కూర్చుని మట్టి కాళ్లు కడిగాడు. తనని పట్టించబోయేవాడి కాళ్లు కూడా. మర్నాడు వాళ్లందరి కోసం సిలువెక్కాడు. మొక్కులు కావాల్సినవాడు అలా చెయ్యడు కదా పెద్దమ్మమ్మా. అందుకే నాకు ఆయనొక్కడే. ఇంకెవరికీ మోకాలు వంగదు."

నా కళ్లు తడిశాయి. ఇన్ని వారాలుగా నేను భయపడ్డది దేనికి? పిల్ల వదిలించుకుంటున్నది ప్రభువుని కాదు.

పెద్దమ్మగారు లేచి కొంగు సర్దుకున్నారు. "నా దేవుళ్లను నేనైతె ఇడువ. గని నువ్వు జెప్పింది నాకు సమజైంది." తలుపు దగ్గర ఆగి మావారితో అన్నారు, "ఈయన్నయితే జర గూట్లకెల్లి తియ్యి నాయనా."

మావారు తియ్యలేదు. మచ్చ మీద తెల్లటి స్టిక్కరు అంటించారు.

అసలు చిక్కు బాప్తిస్మం దగ్గర ఉంది. నీళ్లలోకి దిగినవాళ్లని ఏ సంఘంలోనైనా ఒకటే అడుగుతారు, యేసుక్రీస్తు ప్రభువని నమ్ముతున్నావా అని. మా అయ్యగారు దానికి ఇంకోటి తగిలించారు. దైవజనులకి, అంటే ఆయనకి, జీవితాంతం లోబడి ఉంటావా? అందరూ ఔనంటారు. నీళ్లలో నిలబడ్డవాడు వాదించడు.

"రెండోదానికి నేను కాదనే చెప్తాను మమ్మీ" అంది అమ్మాయి.

"ఒక్క మాటే తల్లీ. పైకి ఔనని మనసులో కాదనుకో. నేను పాడుతూ చేసేది అదే." నా నోటితోనే అన్నాను ఆ మాట.

"అబద్ధం చెప్పి మునగడం కన్నా పొడిగా ఉండటం నయం. ఆయన కోసం అబద్ధమాడాల్సి వస్తే నేను ఇంక ఏ సంఘానికీ రాను, నన్ను అడగొద్దు."  ఉత్తినే బెదిరించడం కాదని నాకు అర్థమైంది.

"ఒక్క యస్ అంటే ఏం పోయింది?" అన్నారు మావారు. "నేను క్లయింటుకి పొద్దస్తమానం యస్ చెప్తూనే ఉంటాను."

"క్లయింటుకి మొక్కరు కదా డాడీ."

మావారు ఫోను తీసి మెయిళ్లు చూసుకోసాగారు. 

బాప్తిస్మాలు తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో పెట్టారు. మా సంఘ పెద్ద ఒకాయనకి అక్కడ విల్లా ఉంది, క్లబ్‌హౌసు ఈతకొలను ఆదివారం మధ్యాహ్నానికి మాట్లాడి పెట్టారు. ఈత దుస్తులు లేకుండా దిగరాదని రాసిన బోర్డు మీద సంఘం బ్యానరు కట్టారు, అందులో మళ్లీ అయ్యగారే, ఈసారి మంచు కొండల బదులు జలపాతం. ఒడ్డున ట్రైపాడు మీద ఫోను, లైవు. పెద్దమ్మగారు కూడా వచ్చారు. "పిల్లను నీళ్లల్ల ముంచుతరంటె నేను సూడద్దా?" అని ముందు వరసలో కుర్చీ వేయించుకున్నారు.

అయ్యగారు తెల్లటి పొడుగు గౌనులో, కాలర్ మైకుతో నడుము లోతు నీళ్లలో నిలబడ్డారు. మా అమ్మాయి వంతు వచ్చింది. తెల్ల చుడీదారులో మెట్లు దిగుతుంటే చలికో భయానికో భుజాలు దగ్గరికి ముడుచుకుంది. నేను ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. 

యేసుక్రీస్తు ప్రభువని నమ్ముతున్నావా?

"నమ్ముతున్నానండి." ఆ చివరి కుర్చీ దాకా వినపడింది.

దైవజనులకి లోబడి ఉంటావా?

"లేదండి. ప్రభువుకే."

అల్లెలూయా అనడానికి నోళ్లు తెరిచినవాళ్లు అలాగే ఉండిపోయారు. అయ్యగారి చిరునవ్వు చెదరలేదు, అది ఆయనకి యూనిఫారంలాంటిది. మైకుని గుప్పిట్లో మూసి నా వైపు తిరిగారు. "సిస్టర్, అమ్మాయికి మీరు చెప్పండి. లోబడే ఆత్మ లేకపోతే నేను బాప్తిస్మం ఇవ్వలేను."

అందరూ నన్నే చూస్తున్నారు. మావారు చూపుతోనే బతిమాలుతున్నారు. నీళ్లలోంచి నా పిల్ల చూస్తోంది. నేను తలూపితే చాలు, అమ్మ కూడా అటేనని తనకి తేలిపోతుంది. అంతటితో అయిపోతుంది.

"మొదటి ప్రశ్నకి ఔనంది కదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "బాప్తిస్మానికి అది చాలదాండీ?"

 పెద్దమ్మగారు కుర్చీలోంచే అందుకున్నారు. "ఎంతసేపు నిలవెడ్తవయ్యా పిల్లను నీళ్లల్ల? జరం రాదా?"

అయ్యగారు ట్రైపాడు వైపు చూశారు. ఫోను వెనకాల ఉన్న బ్రదరు, నడుస్తూనే ఉందన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆయన ముఖంలో లెక్క నడవడం నాకు కనపడింది. పంపేస్తే ఎంతమంది చూస్తారు, ముంచితే ఎంతమంది మర్చిపోతారు. ఇన్నేళ్లు ఆయన వెనకాల నిలబడి చూసినదాన్ని, నాకు తెలియనిదేముంది. గుప్పిట తెరిచారు, గొంతు సవరించుకున్నారు, అమ్మాయి తల వెనక చెయ్యి వేశారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మమిస్తున్నానని గబగబా చెప్పి ముంచారు. ఆ మాటల్లో ఆయన పేరు లేదు. ఎన్ని క్యాలెండర్లు అచ్చేయించినా అక్కడ ఆయన పేరు పట్టదు.

అమ్మాయి నీళ్లు కారుతూ పైకి లేచింది. నేను ఏడుస్తున్నాను, దాచుకోలేదు.

మా సంఘంలో ఇంకో ఆచారం ఉంది. నీళ్లలోంచి వచ్చినవాళ్లు మెట్టు మీద నిలబడ్డ అయ్యగారి మోకాళ్లకి వంగి దండం పెట్టాలి, అది ఫోటో తీస్తారు. ఇంత జరిగాక కూడా ఆయన ఆ ఫోటో వదులుకోలేదు. అమ్మాయి కంటే ముందు చరచరా మెట్లెక్కి, ఇటు తిరిగి నిలబడబోయారు. తడిసిన గౌను అంచు కాలి కింద పడింది. కాలు జారి, మా అమ్మాయి ముందు, ఆ మెట్టు మీది నీళ్లలోనే రెండు మోకాళ్ల మీద పడ్డారు.

నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. ఇన్నేళ్లుగా దాచుకున్న నవ్వంతా ఒక్కసారిగా వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అమ్మాయి నవ్వలేదు. జుట్టు ముఖం మీంచి తోసుకుని, వంగి, ఆయన చంకల కింద చేతులు వేసింది.

"లేవండి అంకుల్" అంది. "మెల్లగా. దెబ్బ తగిలిందా?"

మా సంఘంలో ఆయన్ని అంకుల్ అని పిలిచినవాళ్లు లేరు. ఆయన ఏదో అనబోయారు, అలవాటైన మాట ఏదీ రాలేదు. మోకాలు చూసుకుని, "కొంచెం తగిలిందమ్మా" అని, పిల్ల చెయ్యి పట్టుకుని లేచారు.